నాన్న పాముకాటుకు పసరు ఇస్తారు, నేను ఏఎన్‌ఎంని: ఇంట్లో ఈ గొడవ ఎలా తెగాలి?

ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను.

ఆమెకు 36 ఏళ్ళు. సొంత మండలంలోనే ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నారు. తండ్రికి 70 దాటాయి. రెండెకరాల పత్తి, కాస్త మిరప. అంతకన్నా ఆయనకు పేరు తెచ్చింది పాము మందు. వాళ్ళ నాన్న నుంచి వచ్చిన విద్య. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి మందు ఇస్తారు. పైసా తీసుకోరు. తీసుకుంటే మందు పనిచేయదని నమ్మకం. ఈశ్వరి వేరు, సుగంధిపాల వేరు, మిరియాలు నూరి నీళ్ళలో కలిపి తాగిస్తారు. ఇంకో ఆకు పసరు రెండు చుక్కలు కళ్ళలో వేస్తారు. ఆ ఆకు పేరు ఆయనకొక్కరికే తెలుసు. మందుకు ముందు వేపాకు నమిలిస్తారు. చేదు తెలియకపోతే విషం ఎక్కినట్టు, తెలిస్తే దిగినట్టు లెక్క.

కిందటి ఏడాది పత్తి తీతల్లో ఒక కూలీ ఆవిడను రక్తపింజరి పాదం మీద కరిచింది. ఆ రోజు మన పాఠకురాలు వేరే ఊళ్ళో టీకాల డ్యూటీలో ఉన్నారు. బాధితురాలిని నేరుగా తండ్రి దగ్గరికి తెచ్చారు. ఆయన మందు తాగించి, సాయంత్రానికి "చేదు తెలుస్తోంది, ఇక భయం లేదు" అన్నారు. ఈమె ఇంటికొచ్చేసరికి ఆవిడ చిగుళ్ళ నుంచి నెత్తురు కారుతోంది, కాలు మోకాలి దాకా ఉబ్బింది. వెంటనే 108లో ఏరియా ఆసుపత్రికి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి. కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ చేయాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది. ఇంటికొచ్చాక వాళ్ళ కుటుంబమంతా పళ్ళు, పంచెల చాపు పట్టుకుని తండ్రి దగ్గరికి వచ్చి దండం పెట్టారు. "మీరు మందు వేయబట్టే అక్కడిదాకా ప్రాణం నిలిచింది" అన్నారు. ఆయన తీసుకున్నారు.

అప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. ఒకసారి గట్టిగా అడిగితే, "నీకు గవర్నమెంటు జీతం ఇచ్చింది, నాకు ఈ ఊరు నమ్మకం ఇచ్చింది" అని రెండు రోజులు మాట్లాడలేదట. ఈలోగా మరిది ఈ మందును పొడి చేసి ప్యాకెట్లలో అమ్ముదామని లేబుళ్ళు కూడా కొట్టించాడు. తండ్రేమో ఆ రహస్యాన్ని ఏడో తరగతి చదివే మనవడికి, అంటే ఈమె కొడుక్కి, వచ్చే గ్రహణం రోజున ఇస్తానంటున్నారు. ఫోన్లో వెతికితే ఎలుకల మీద ఈ మొక్కలు పనిచేశాయని వ్యాసాలు కనిపించాయి. "వాటిలో నిజముంటే నాన్నది తప్పెలా అవుతుంది? నిజం లేకపోతే ఇన్నేళ్ళు ఇంతమంది ఎలా బతికారు? నేను ఎవరిని ఆపాలి, ఎలా ఆపాలి? ఆ కూలీ ఆవిడ ఇంట్లోవాళ్ళకు, ఆలస్యం వల్లే కిడ్నీలు పోయాయని చెప్పాలా?" ఇవీ ప్రశ్నలు.

సమాధానం

అమ్మా, మీ నాన్నగారు అబద్ధం ఆడటం లేదు. ఈ సంగతి ముందు మీరు ఒప్పుకుంటే తప్ప ఆయనతో మాట్లాడలేరు. ఆయన కళ్ళముందు మనుషులు నిజంగానే లేచి నడిచి వెళ్ళారు. ఎలాగో చూద్దాం.

పొలంలో, గడ్డివాములో, బావి గట్టున మనిషిని కరిచే పాముల్లో చాలావాటికి ప్రాణం తీసే విషం లేదు. జెర్రిపోతు, నీరుకట్టె పాము, పసిరిక పాము కరిచినా మనిషి భయంతో చెమటలు పట్టి పడిపోతాడు, వాంతి చేసుకుంటాడు, గుండె దడదడలాడుతుంది. కరిచింది చీకట్లో. ఏ పామో ఎవరు చూశారు? ఇక నాగుపాము, రక్తపింజరి కూడా కరిచిన ప్రతిసారీ విషం దించవు. కోర దిగుతుంది, విషం దిగదు. కొన్నిసార్లు కొద్దిగా దిగుతుంది. వీళ్ళందరూ ఏ మందూ లేకుండా బతికేవాళ్ళే. వాళ్ళలో ఎక్కువమంది మీ నాన్నగారి అరుగు మీదే కోలుకుని ఉంటారు. నిజంగా విషమెక్కినవాళ్ళను మాత్రం చివర్లో ఆసుపత్రికి మోసుకెళ్తారు, కొందరు అక్కడే పోతారు. బతికినవాళ్ళు పసరు ఖాతాలో, పోయినవాళ్ళు ఆసుపత్రి ఖాతాలో పడతారు. ఈ లెక్క ఇన్నేళ్ళుగా ఇలాగే రాసుకుంటూ వస్తే ఎంత తెలివైనవాడికైనా తన మందు మీద నమ్మకం పెరక్క ఏమవుతుంది? మీ ఇంటికి వచ్చిన పంచెల చాపు కూడా ఈ లెక్కలోదే.

ఇప్పుడు మొక్కల సంగతి. మన దేశంలో దీన్ని పట్టించుకోలేదని, తెల్లవాళ్ళ మందే మందన్నారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. బొంబాయి హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో మ్హాస్కర్, కేయస్ అనే ఇద్దరు దేశమంతటా పాముకాటుకు వాడే మొక్కలు సేకరించి, 300కు పైగా మొక్కల్ని విడిగా, మరెన్నో మిశ్రమాల్ని కలిపి జంతువుల మీద పరీక్షించారు. 1931లో ఫలితాలు అచ్చువేశారు. ఒక్కటి కూడా కాటు తర్వాత ప్రాణం కాపాడలేదు. అంతకుముందు కలకత్తాలో జోసెఫ్ ఫేరర్ అనే డాక్టరు ఇలాగే ఎన్నో విరుగుళ్ళు పరీక్షించి ఉత్త చేతులతో మిగిలాడు. ఇంకా వెనక్కి వెళ్తే 1780ల్లో మన విశాఖపట్నం వచ్చిన ప్యాట్రిక్ రసెల్ అనే డాక్టరు, తంజావూరు మాత్రలని అప్పట్లో పేరుమోసిన పాము మందును కుక్కల మీద, కోళ్ళ మీద ప్రయోగించి చూశాడు. ఆ మాత్రల్లో పాషాణం ఉండేది. ఆయన పేరు మీదే రక్తపింజరిని ఇంగ్లీషులో రసెల్స్ వైపర్ అంటున్నారు. అంటే ఈ ప్రశ్న మన తీరంలో రెండు వందల ఏళ్ళుగా అడుగుతున్నదే.

మరి మీరు ఫోన్లో చదివిన వ్యాసాలు? అవీ అబద్ధాలు కావు. కలకత్తా విశ్వవిద్యాలయం వాళ్ళు సుగంధిపాల వేరు నుంచి ఒక పదార్థాన్ని విడదీసి, అది రక్తపింజరి విషం పనిని కొంత అడ్డుకుంటుందని చూపించారు. మైసూరులో చింతగింజల సారంతో అలాంటి పనే చేశారు. వావిలి, ఉసిరి వేళ్ళ మీద కూడా పరిశోధనలున్నాయి. చిక్కంతా పరీక్ష చేసే తీరులో ఉంది. ఇలాంటి చాలా ప్రయోగాల్లో విషాన్ని, మొక్క సారాన్ని ముందే ఒక గొట్టంలో కలిపి, కాసేపు అలాగే ఉంచి, ఆ తర్వాత ఎలుకకు ఎక్కిస్తారు. దొంగను వీధిలోనే కాళ్ళూ చేతులూ కట్టి లోపలికి మోసుకొచ్చి, మా ఇంటి తలుపు ఎంత గట్టిదో చూశారా అన్నట్టు ఉంటుంది. పాము విషం ప్రధానంగా ప్రొటీన్లు. మొక్కల్లో వగరునిచ్చే టానిన్లు ఏ ప్రొటీన్‌ను చూసినా అతుక్కుని దాన్ని గడ్డలా చేసేస్తాయి. గొట్టంలో అది విషాన్ని చంపినట్టే కనిపిస్తుంది. కానీ పత్తి చేలో కరిచిన పాము ముందుగా సుగంధిపాలతో కలిపి కరవదు కదా. విషం కండలోకి, అక్కడి నుంచి రక్తంలోకి వెళ్ళిపోయాక, మీరు నోటితో తాగించిన పసరు కడుపులో అరిగి, అందులో మిగిలిన కాస్తంత రక్తంలోకి చేరి, అప్పటికే నరాల చివర్లకు, రక్తనాళాల గోడలకు పట్టుకున్న విషాన్ని వెతికి పట్టుకోవాలి. ఆ పని చేసిన మొక్క మందు మనుషుల మీద నిరూపణ అయి ఇంతవరకు ఆసుపత్రిలోకి రాలేదు.

దూలగొండి గింజల కథ ఇంకో రకం. నైజీరియాలో పాము కరవకుండా ముందుజాగ్రత్తగా వాటిని మింగుతారు. పరిశోధకులు ఆ గింజల సారాన్ని ఎలుకలకు వారాల ముందే ఎక్కించి, తర్వాత విషం ఇస్తే కొంత రక్షణ కనిపించింది. ఒంట్లో ముందే యాంటీబాడీలు తయారవడం దానికి ఒక కారణం. ఆసక్తి గల విషయమే. కాటు పడ్డాక అరుగు మీదికి వచ్చిన మనిషికి మాత్రం దానివల్ల ఒరిగేది లేదు. మన పత్రికలు ఏడాదికోసారి "పాముకాటుకు ఆకు మందు కనిపెట్టారు" అని పెద్ద అక్షరాల్లో వేస్తాయి. ఎలుక అన్న మాట ఎక్కడో ఆరో వాక్యంలో ఉంటుంది, విషాన్ని ముందే కలిపారన్న మాట అసలే ఉండదు.

మీ నాన్నగారి మందులో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఈశ్వరి వేరు. దానిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది విషంలోని ఒక ఎంజైమును గొట్టంలో అడ్డుకుంటుందని 1980ల్లోనే తేలింది, కాబట్టి పెద్దలు ఊరికే ఎంచుకోలేదు. కానీ అదే ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది, క్యాన్సర్ తెప్పిస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో ఒళ్ళు తగ్గడానికి ఇచ్చిన మందుల్లో ఈ జాతి మొక్క పొరపాటున కలిసి ఎంతోమంది ఆడవాళ్ళ కిడ్నీలు పోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ సంస్థ దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థాల జాబితాలో పెట్టింది. మీ నాన్నగారు ఒకసారి ఇచ్చే మోతాదు ఎంతో నాకు తెలియదు, భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ రక్తపింజరి విషం కొట్టేదీ కిడ్నీలనే. ఆ మనిషికే ఈ వేరు తాగించడం వద్దు. సుగంధిపాలతో పేచీ లేదు, నన్నారి షర్బత్‌లో అందరం తాగుతున్నదే. అయినా పాముకాటు మనిషికి ఏదైనా సరే తాగించడమే ప్రమాదం. నాగుపాము, కట్లపాము విషం గొంతు కండరాలను పట్టేస్తే, తాగింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కంట్లో పసరు పోస్తే కళ్ళు ఎర్రబడి, మంటకు మూసుకుపోతాయి. రెప్ప వాలిపోతోందా అని డాక్టరు చూడాల్సిన మొదటి గుర్తు అక్కడే చెరిగిపోతుంది.

చేదు పరీక్ష సంగతి మీకు చెప్పక్కర్లేదు, మీరు కళ్ళారా చూశారు. రక్తపింజరి విషానికి నాలుక మీద పని లేదు. అది రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన సరుకునంతా ఒంట్లోనే ఖర్చుపెట్టించేస్తుంది. వేపాకు చేదుగా ఉందంటున్న మనిషికే చిగుళ్ళ నుంచి నెత్తురు కారుతుంది.

మీ నాన్నగారితో వాదించే కంటే ఒక చిన్న గాజు గొట్టం చూపించడం మేలని నా నమ్మకం అక్కడి నుంచే వచ్చింది. మీ పీహెచ్‌సీలో ఆ పరీక్ష తెలియనివాళ్ళు ఉండరు. కొత్తదైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టడం, తర్వాత ఒక్కసారి వంచడం. మామూలు మనిషి రక్తం జున్నులా గడ్డకట్టి గొట్టానికి అంటుకుని ఉంటుంది. రక్తపింజరి విషమెక్కినవాడిది నీళ్ళలా ఒలికిపోతుంది. ముందు మీ నాన్నగారి రక్తమే తీసి, గోడ గడియారం చూసుకుంటూ ఆయన చేతే వంచి చూడమనండి. ఆ తర్వాత ఎప్పుడైనా కేసు వస్తే, మెడికల్ ఆఫీసరును అడిగి, రోగి తాలూకువాళ్ళు ఒప్పుకుంటే, ఆయన్ని పక్కన నిలబెట్టండి. పసరు తాగి వచ్చిన మనిషి రక్తం ఒలికిపోవడం ఆయన చూడాలి. యాంటీవీనమ్, అంటే పాము విషానికి విరుగుడు సూది మందు, ఎక్కించాక ఆరు గంటలకు మళ్ళీ అదే పరీక్ష చేస్తారు కదా, అప్పుడూ ఉండి చూడాలి. ఆయన తన జీవితమంతా ఒక పరీక్షను నమ్మి మందు ఇచ్చిన మనిషి. ఇంకో పరీక్ష చూడ్డానికి అడ్డు చెప్పరనుకుంటున్నాను. ఒప్పుకోకపోవచ్చు కూడా. అలాంటప్పుడు బలవంతం చేయకండి.

సూది మందు గురించి కూడా ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పండి, దేవుడి ప్రసాదంలా చెప్పకండి. దాన్ని తయారుచేసేదీ పాము విషంతోనే. తమిళనాడులో వడనెమ్మేలి దగ్గర ఇరుల గిరిజనులు 1978 నుంచి సహకార సంఘం పెట్టుకుని పాములు పట్టి, విషం పిండి, వాటిని మళ్ళీ అడవిలో వదిలేస్తున్నారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తే వాటి రక్తంలో విరుగుడు తయారవుతుంది. మీ నాన్నగారిలాంటి మనుషుల విద్య ఈ మందులోనూ ఉందన్నమాట. ఒక సీసా రక్తపింజరి విషాన్ని 6 మిల్లీగ్రాముల దాకా అణచగలదు. ఒక కాటులో అంతకు ఎన్నో రెట్లు దిగవచ్చు. అందుకే మొదట్లోనే ఎనిమిది నుంచి పది సీసాలు ఎక్కిస్తారు. దానికీ లోపాలున్నాయి. కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం వస్తాయి, అందుకే పక్కన అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకుంటారు. ఒక ప్రాంతపు పాముల విషంతో చేసిన మందు ఇంకో ప్రాంతంలో అంతే గట్టిగా పనిచేయకపోవచ్చని మన శాస్త్రవేత్తలే చూపించారు. చచ్చిన నరం చివరను, పాడైపోయిన కిడ్నీని అది వెనక్కి తేలేదు. అందుకే ఎంత త్వరగా ఎక్కితే అంత మంచిది. మీ నాన్నగారి అరుగు మీద పోయే గంటలే అసలు నష్టం. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని అంచనా. ఎక్కువ చావులు పల్లెల్లోనే. అందులో ఆంధ్ర, తెలంగాణ వాటా తక్కువేమీ కాదు.

ఇక మీరు చేయగలిగినవి. ఊళ్ళో పంచాయితీ పెట్టి, నాన్నది తప్పని అందరి ముందూ చెప్పడం ఒక దారి. మీ ఉద్యోగానికి అది ధర్మంగానే కనిపిస్తుంది. జరగబోయేది మాత్రం ఇది: ఆయన పరువు పోతుంది, ఊరు ఆయన వైపే నిలబడుతుంది, రేపు కాటు పడినవాళ్ళు మీకు తెలియకుండా రాత్రిపూట వెనక గుమ్మంలోంచి వస్తారు. ఆయన మానేసినా, పక్క ఊళ్ళో ఆయనంత నిజాయితీ లేని ఇంకొకడు డబ్బు తీసుకుని ఇచ్చేస్తాడు. పై అధికారులకు ఫిర్యాదు చేసినా ఫలితం దాదాపు ఇంతే. అయితే ఒక మినహాయింపు పెట్టుకోండి. మళ్ళీ ఒక మనిషిని ఆయన గంటల తరబడి ఆపితే, కూతురిగా ఎంత కష్టమైనా, మెడికల్ ఆఫీసరుకు చెప్పి తీరాలి. ఈ మాట ఆయనకు ముందే, నెమ్మదిగా చెప్పి ఉంచండి.

ఏమీ అనకుండా ఊరుకోవడం రెండో దారి. మీరు దాన్ని ఇప్పటికే ప్రయత్నించారు, నిద్ర దూరమైంది.

నేను మొగ్గేది మూడోదానికి. అర్ధరాత్రి జనం తట్టేది మీ నాన్నగారి తలుపు. 108కు ఫోన్ చేయమని మీరు పది సభల్లో చెప్పినా వినని మనిషి, ఆయన "ఎక్కు బండి" అంటే ఎక్కుతాడు. ఆ మాట చెప్పే మనిషిని పోగొట్టుకోకండి. ఆయనతో ఒకే ఒక్క ఒప్పందం చేసుకోండి: బండి ఆగకూడదు. ఎవరొచ్చినా ముందు ఫోన్, తర్వాతే మిగతావి. మంత్రం చదవాలనుకుంటే బండిలో పక్కన కూర్చుని చదవమనండి. దారం కట్టాలనుకుంటే కాటు పడని చేతికి, వదులుగా కట్టమనండి. తాగించేదేమీ వద్దు, కళ్ళలో చుక్కలు వద్దు, గాయం కోయడం, పీల్చడం, పైన తాడుతో బిగించడం వద్దు. చేతికి చేయాల్సిన పని కావాలంటే ఇవి చేయమనండి: మెట్టెలు, గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయడం, కాలికో చేతికో కర్ర బద్ద కట్టి కదలకుండా చూడటం, మనిషిని నడవనివ్వకపోవడం, ధైర్యం చెప్పడం. ధైర్యం చెప్పడంలో ఆయనను మించినవాళ్ళు మీ పీహెచ్‌సీలో లేరని నా అనుమానం. ఎవరైనా అప్పటికే గట్టిగా తాడు బిగించుకుని వస్తే దాన్ని దారిలో ఊడదీయొద్దనీ, ఆసుపత్రిలో మందు సిద్ధంగా ఉన్నప్పుడు వాళ్ళే విప్పుతారనీ చెప్పండి. పామును చంపి సంచిలో తేవాల్సిన పని కూడా లేదు, దూరం నుంచి ఫోన్లో ఫోటో వస్తే చాలు.

ఇందులో ఒక చిక్కుంది, దాచను. మీ నాన్నగారు బండి ఎక్కించి పంపినవాడు బతికి వస్తే, ఊరు మళ్ళీ దారానికే దండం పెడుతుంది. మీకు ఒళ్ళు మండుతుంది. మండనివ్వండి. బతికినవాడు ఎవరికి దండం పెట్టాడన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఆయనకు ఒక కొత్త విద్య కూడా నేర్పండి, ఇది ఆయన పేరుకు పనికొస్తుంది. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు అంటారు. కాసేపటికి రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, మింగుడు పడదు. అజీర్ణమనో, గాలి సోకిందనో అనుకుని ఎంతమందిని ఇంట్లోనే ఉంచేస్తారో ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో పనిచేసిన రోజుల్లో చూశాను. ఈ గుర్తులు పట్టి, పాము కరిచిందని ఇంట్లోవాళ్ళకే తెలియనప్పుడు "ఇది కట్లపాము, పదండి" అని చెప్పగలిగిన మనిషి ఊళ్ళో ఉంటే అది ఏ పసరుకన్నా గొప్ప. దోమతెర అంచులు పరుపు కిందికి దోపి మంచం మీద పడుకోమని ఆయన నోటితో చెప్పినా వింటారు.

ఆయన్ని పంపమని చెప్పేముందు మీ వైపు సర్దుకోండి. బండి తిన్నగా పీహెచ్‌సీకి వచ్చాక "మందు లేదు, ముందుకు పోండి" అంటే మీ నాన్నగారు మళ్ళీ మీ మాట వినరు, అది న్యాయమే. వానలు మొదలవకముందే యాంటీవీనమ్ స్టాకు ఎంతుందో, ఎప్పటికి గడువు తీరుతుందో మెడికల్ ఆఫీసరును అడిగి చూసుకోండి. రాత్రి డ్యూటీ ఎవరిదో, తర్వాతి పెద్దాసుపత్రికి ఎంతసేపు పడుతుందో ఒక కాగితం మీద రాసి నాన్నగారి గుమ్మం పక్కన అంటించండి. ప్రతి పాముకాటునూ నమోదు చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2024 నవంబరులో రాష్ట్రాలను కోరింది. మీ సబ్ సెంటర్లో ఆ లెక్క ఉంటే స్టాకు అడగడానికి మీకు బలం ఉంటుంది.

మరిది పొడి వ్యాపారం గురించి నాలుగు మాటలు చాలు. లైసెన్సు లేకుండా ఆయుర్వేద మందు తయారుచేసి అమ్మడం 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద నేరం. అంతకన్నా పెద్ద సంగతి, అరుగు మీద మీ నాన్నగారి కళ్ళు రోగి మీద ఉంటాయి. ప్యాకెట్‌కు కళ్ళుండవు. ఎక్కడో తండాలో ఒకడు పొడి మింగి పడుకుంటాడు. డబ్బు తీసుకుంటే మందు పనిచేయదన్న నాన్నగారి నియమమే ఇక్కడ మీ చేతిలో ఉన్న ఆయుధం. ఆ మాట మరిదికి ఆయన చేతే చెప్పించండి. లేబుళ్ళు తగలబెట్టమనండి.

కొడుకు విషయంలో మీరు తొందరపడి కాదనకండి, ఔననకండి. మొక్కలు గుర్తుపట్టడం, ఏ కాలంలో ఏ వేరు దొరుకుతుందో తెలియడం గొప్ప విద్య. తాతతో చేలగట్ల వెంట తిరగనివ్వండి. మందు ఇచ్చే బాధ్యత మాత్రం ఆ పిల్లాడి నెత్తిన పడకూడదు. అంత చిన్న కుర్రాడి చేతిలో మనిషి పోతే ఆ బరువు జన్మంతా మోయాలి. నాన్నగారు రహస్యం తనతో పోతుందేమోనని బాధపడుతుంటే ఒక దారి ఉంది. 2002 జీవ వైవిధ్య చట్టం కింద ఊరికో జీవ వైవిధ్య కమిటీ, ప్రజా జీవ వైవిధ్య రిజిస్టరు ఉండాలి. అందులో ఇలాంటి జ్ఞానం రాయించవచ్చు. మీ ఊళ్ళో కమిటీ కాగితం మీదే ఉండొచ్చు, పంచాయతీ కార్యదర్శిని కదిలించాల్సి వస్తుంది. రాయిస్తే ఆకు పేరు పదిమందికి తెలుస్తుంది, గురువు నుంచి శిష్యుడికి చెవిలో చెప్పే నియమం పోతుంది. అది ఆయనకు నచ్చకపోవచ్చు. నిర్ణయం ఆయనదే కావాలి. అప్పుడు సర్పగంధ కథ చెప్పి చూడండి. తరాల తరబడి పాముకాటుకు వాడిన వేరు అది, ఆ పనికి నిలబడలేదు. కానీ బొంబాయిలో రుస్తుం జల్ వకీల్ అనే డాక్టరు దానితో బీపీ తగ్గుతోందని 1949లో ప్రపంచానికి చూపించాడు, తర్వాత దాని నుంచి తీసిన రిసర్పిన్ ఎన్నో దేశాల్లో మందైంది. మీ నాన్నగారి ఆ నాలుగో ఆకుకు కూడా ఏదో పని ఉండొచ్చు. అదేమిటో తేల్చాల్సింది ప్రయోగశాల, కాటు పడ్డ మనిషి కాదు.

చివరి ప్రశ్న, ఆ కూలీ ఆవిడ ఇంట్లోవాళ్ళకు చెప్పాలా? చెబితే వాళ్ళు మీ నాన్నగారి మీద కోపగించుకోవచ్చు, ఊళ్ళో రెండు వర్గాలు కావచ్చు. చెప్పకపోతే ఆ ఇంట్లో ఇంకొకరికి కాటు పడినప్పుడు మళ్ళీ అరుగు మీదికే వస్తారు. ఎవరి తప్పని తేల్చే అవసరం లేకుండా చెప్పొచ్చు: "ఈసారి ఎవరికి కాటు పడినా ముందు మాకు ఫోన్ చేయండి, ఆలస్యమైతే కిడ్నీలకు దెబ్బ, నాన్న కూడా అదే చెబుతున్నారు" అనండి. వాళ్ళు సూటిగా "ఆలస్యం వల్లే ఇలా అయిందా" అని అడిగితే అవుననే చెప్పండి. అబద్ధం మాత్రం వద్దు.

ఆవిడకు మీరు చేయాల్సింది ఇంకొకటుంది, దీన్ని వాయిదా వేయకండి. రక్తపింజరి కాటుతో కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకు ఇంటికి పంపాక కూడా కొన్ని నెలలు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూస్తూ ఉండాలి. కొందరికి ఆలస్యంగా తలలోని పిట్యూటరీ గ్రంథి కూడా దెబ్బతింటుంది. నెలసరి ఆగిపోవడం, లేవలేనంత నీరసం, బీపీ పడిపోవడం కనిపిస్తే "రక్తం తక్కువైంది" అని ఐరన్ మాత్రలిచ్చి పంపేయకుండా, పాముకాటు సంగతి కాగితం మీద రాసి పెద్దాసుపత్రికి పంపండి. ఈ వారంలోనే ఒకసారి ఇంటికి వెళ్ళి బీపీ చూసి రండి. నొప్పి మాత్రలు ఏమైనా కొనుక్కుని వాడుతోందేమో కూడా అడగండి. పత్తి తీతల్లో నడుంనొప్పికి షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్ లాంటివి ఆ కిడ్నీలకు పడవు.